నెక్స్ట్ నొక్కితే నాయకుడే

మా సంగారెడ్డి జిల్లాకు ఇక నాయకుల కొరత ఉండదు. బీఎడ్, డీఎడ్ చదివేవాళ్లను హాల్లో కూర్చోబెట్టి, టెక్నాలజీ నేర్పి, 'టీచర్ లీడర్లు'గా బయటికి పంపుతామనే శిక్షణలకు ఇప్పుడు మంచి గిరాకీ.

పద్ధతి మహా సులువు. వీడియో ఆడుతుంటుంది, నెక్స్ట్ నొక్కుతుండాలి. చివర్లో క్విజ్. మంచి నాయకుడు ఏం చేస్తాడని అడిగితే, నాలుగు జవాబుల్లో అన్నిటికన్నా పొడుగున్నది పెట్టేయడమే. వచ్చిన సర్టిఫికెట్‌ను వాట్సాప్ గ్రూపులో వేస్తే చప్పట్ల బొమ్మలు పడతాయి. ఎవరినీ నడిపించక్కర్లేదు, ఎవరితోనూ గొడవ పెట్టుకోనక్కర్లేదు.

తెర మీద టీచర్లకు పాఠం కొత్త కాదు. 1975లో ఇస్రో అమెరికా ఉపగ్రహాన్ని ఏడాదికి అరువు తెచ్చుకుని ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ చూపించింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెలూ అందులో ఉన్నాయి. దాంతోనే వేలమంది టీచర్లకు సైన్స్ చెప్పే తీరు నేర్పారు. పాపం, సైన్స్‌తోనే సరిపెట్టుకున్నారు! 2017లో దీక్షా పోర్టల్, 2019లో నిష్ఠా టీచర్ శిక్షణ వచ్చాక ఆ లోటు తీరింది.

సరే, నాయకుడు తయారయ్యాడు. బడేదీ? టీచర్ల నియామకానికి 2017లో టీఆర్టీ నోటిఫికేషన్. 2023లో ఇంకోటి ఇచ్చి, తర్వాత రద్దు చేశారు. 2024లో 11,062 పోస్టులకు మళ్లీ ఇచ్చారు. ఈలోగా ఎందరు నాయకులు ప్రైవేటు బళ్లలో చాలీచాలని జీతానికి, కంపెనీల్లో నైట్ షిఫ్టుకి కుదిరారో ఏ యాప్‌లోనూ ఎక్కలేదు.

ఉద్యోగం దొరికినవాడి వైభవం చూడండి. పొద్దున్నే తన హాజరుకు ఫోనుకు మొహం చూపించాలి. తర్వాత పిల్లల హాజరు, మధ్యాహ్న భోజనం లెక్క, ఏదో ఒక ఫొటో. ఫోను అడుగుతుంది, సారు ఇస్తాడు. ఇద్దరిలో నాయకుడెవరో చూసేవాళ్లకు తెలిసిపోతుంది. 'ఈ పాఠం మా పిల్లలకు ఎక్కలేదు, ఇంకో వారం ఇదే చెబుతా' అనే అధికారం మాత్రం ఏ మాడ్యూల్ పూర్తిచేసినా రాదు.

ఇస్నాపూర్, పాశమైలారం వైపు బళ్లకు వెళ్లండి. ఒడిశా నుంచో బిహార్ నుంచో కార్ఖానా పనికొచ్చినవాళ్ల పిల్లలు కనిపిస్తారు. ఇంట్లో ఒడియా, గల్లీలో హిందీ, సారు నోట తెలుగు, పరీక్ష ఇంగ్లీషులో. కాంట్రాక్టు అయిపోతే నాన్న వెంట పిల్లా వెళ్లిపోతుంది, రిజిస్టర్లో పేరు మాత్రం మిగులుతుంది. ఆ పిల్లకు మొదటి వారం ఏ భాషలో ఏం చెప్పాలి, వాళ్లమ్మతో ఎవరిచేత మాట్లాడించాలి, ఇక రాకపోతే ఎక్కడని వెతకాలి? ఈ ప్రశ్నలకు నాలుగు ఆప్షన్లు ఉండవు కాబట్టి క్విజ్‌లోకి రావు.

ఆ దగ్గర్లో, పటాన్‌చెరులోనే పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉంది, 1972 నుంచి. అక్కడ విత్తనాన్ని పొలంలో వేసి చూశాకే మంచిదో కాదో చెబుతారు. టీచర్ మాత్రం పీపీటీలో మొలకెత్తితే చాలు.

కాబట్టి ఓ చిన్న మనవి. ఈసారి శిక్షణ ఆ ఇస్నాపూర్ వైపు బళ్లలోనే ఓ తరగతి గదిలో పెట్టండి, కరెంటు పోయిన పూట. ముందు ట్రైనర్ సారే పాఠం మొదలుపెట్టాలి. మేం వెనక బెంచీలో కూర్చుంటాం.