నా మిషన్‌లో నడుస్తోందన్నా!

నేను కంపెనీ లాప్‌టాప్‌ని. నాకు పేరు లేదు, వీపు మీద స్టిక్కరు, దానిమీద ఒక నంబరు, అంతే. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడబోయే ముందు, హైదరాబాద్ హాస్టల్ ఖాళీ చేసిన ఒక ట్రైనీ అమ్మాయి బ్యాగులో నకరికల్లు చేరాను. మేడ మీద ఒకపక్క మిరపకాయలు ఎండుతుంటే, సిగ్నల్ అందే మూల చూసి నాకో ప్లాస్టిక్ కుర్చీ వేశారు. ఆ ఘాటుకి నా ఫ్యాను ఏమైపోయిందో అడగొద్దు.

మా పిల్ల చదువులో చురుకే. లింక్డ్ లిస్టుని తిరగేసి రాయమంటే కళ్ళు మూసుకుని రాస్తుంది. ఇంజినీరింగ్ అయ్యాక అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర జావా కోర్సూ చేసింది. ఇంటర్వ్యూ గడప దాటించడంలో అమీర్‌పేటను మించింది లేదు. లోపలికొచ్చాక ఏం చేయాలన్నది వేరే చదువు.

ఉద్యోగంలో ఆమెకిచ్చింది కొత్త ప్రోగ్రాము కాదు. ఎప్పుడో కంపెనీ వదిలిపోయినవాళ్ళు రాసిన వేల ఫైళ్ళు. నాలుగేళ్ళ ఇంజినీరింగులో పరాయివాళ్ళ కోడు చదవాల్సిన అవసరమే ఆమెకు రాలేదు. చదివిందంతా తను రాసుకున్నదే. కోడులో ఎవరు ఏం మార్చారో గుర్తుపెట్టుకునే గిట్ సంగతీ అంతే. లినక్స్ కెర్నల్ కోసం లినస్ టోర్వాల్డ్స్ 2005లో దాన్ని తయారుచేశాడని క్విజ్‌లో చెప్పగలదు. కానీ ఆమె పెన్‌డ్రైవులో మాత్రం ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘ఇదే అసలు ఫైనల్’ అని ఫోల్డర్లుండేవి. ఒకే లైను ఇద్దరు మార్చి గిట్ అడ్డం తిరిగిన రోజున నా మూత మూసేసి కిందికి వెళ్ళిపోయింది.

అసలు కథ రిపోర్టు దగ్గర మొదలైంది. ఒక గోడౌన్ రోజువారీ సరుకు లెక్క అది. కొన్ని లోడ్లు ముందురోజు ఖాతాలో పడుతున్నాయని ఫిర్యాదు. ఆమె నాలో నడిపి చూసింది, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. “నా మిషన్‌లో నడుస్తోందన్నా!” అంది టీమ్ లీడ్‌తో. నాకు కాసేపు గర్వంగానే ఉంది.

“సర్వర్ నీ మిషన్ కాదుగా తల్లీ. లాగ్ చూశావా?” అన్నాడాయన.

చూడలేదు. లాగ్ అనేదొకటి ఉంటుందనీ, తప్పు జరిగిన గంటా నిమిషమూ అందులో రాసి ఉంటాయనీ పరీక్షల్లో ఎవరూ అడగలేదు. ఆ రాత్రి కూర్చుని లైను లైను చదివింది. తేడా వచ్చిన లోడ్లన్నీ అర్ధరాత్రికీ తెల్లవారుజాము అయిదున్నరకూ మధ్య దిగినవే! సర్వర్ గడియారం యూటీసీలో ఉంది, మన టైము దానికి 5:30 గంటలు ముందు. ఇక్కడ తేదీ మారినా అక్కడ ఇంకా నిన్నే. నా గడియారమేమో భారత కాలం. అందుకే నా దగ్గర తప్పు దొరకలేదు.

పక్కనే ఉన్న వాళ్ళ నాన్న విషయం విని, “రాత్రిపూట యార్డులో దించిన మిర్చి టిక్కీలు నిన్నటి లెక్కలో రాస్తే రైతు ఊరుకుంటాడా? ఇది మీకు ముందే తట్టలేదేందమ్మా?” అన్నాడు. గుంటూరు మిర్చి యార్డుకు తిరిగిన మనిషి, ఆయనకు తట్టింది.

అడగడం కూడా ఆమె కొత్తగా నేర్చుకుంది. మొదట్లో గంటలకొద్దీ మథనపడి, చివరికి “పనిచేయట్లేదన్నా” అని మెసేజ్ పెట్టేది. “ఏం చేశావు, ఏం వస్తుందనుకున్నావు, ఏం వచ్చింది, ఇవి రాసి అడుగమ్మా. ఎర్రర్ మొత్తం పెట్టు, ఫోటో వద్దు” అన్నాడు లీడ్. అలా రాస్తుంటే సగంసార్లు మెసేజ్ పంపకముందే జవాబు దొరికేది.

నన్ను తర్వాత కంపెనీ వెనక్కి తెప్పించుకుంది, ఇప్పుడింకో ట్రైనీ చేతిలో ఉన్నాను. అతనూ లాగ్ తెరవడు. నరసరావుపేట, గుంటూరు కాలేజీల మాస్టార్లకు నా మనవి ఒక్కటే: ఫైనల్ ఇయర్‌లో కొత్త ప్రాజెక్టు అడక్కండి, అది డబ్బిస్తే బయట దొరుకుతుంది. సీనియర్లు రాసిన పాత ప్రోగ్రాములో ఒక తప్పు పెట్టి, గిట్‌తో సహా చేతికిచ్చి, వెతకమనండి.