మునకకు ముహూర్తం

స్కూబా డైవింగ్‌కు మంచి కాలం ఏదంటే తెలిసినవాళ్లు చెప్పే గుర్తులివి: వాన పడకూడదు, మబ్బు కమ్మకూడదు, ఎండ నిలువునా కాయాలి, ఏ వాగూ పొంగి బురద మోసుకురాకూడదు. ఈ లెక్కన మా ముదిగుబ్బ ఏడాది పొడవునా సీజన్‌లోనే ఉంది. సముద్రమొక్కటే తక్కువ.

బెంగళూరులో ఉద్యోగం చేసే మా అమ్మాయి, నన్నూ వాళ్లమ్మనూ అండమాన్‌కు పిల్చుకొనిపోయి సముద్రంలో ముంచుతానంది. ఖర్చంతా తనదే. ఏ నెలలో పోవాలో మాత్రం నన్ను తేల్చమంది. "వాన సంగతి నీకు తెలిసినట్ల ఇంకెవరికి తెలుసు నాయనా!" అంది. వాన ఎప్పుడొస్తుందో మా వైపు ఎవరికీ తెలియదు. ఎప్పుడు రాదో చెప్పమంటే మాత్రం, ఎరువుల అంగడి పెట్టుకొని బతికేవాణ్ణి, కళ్లు మూసుకొని చెప్తాను. అనంతపురం జిల్లా సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర. 2022లో మమ్మల్ని శ్రీసత్యసాయి జిల్లాలో కలిపారు గానీ, వాన మాత్రం పాత జిల్లాదే వాడుకుంటున్నాం. అండమాన్‌లో 3,000 దాటుతుందట. మాకు ఐదేండ్లకు పైగా సరిపోయే సరుకు!

"నీళ్లు చూడ్డానికి అంత దూరం పోవల్నా?" అంది మా అమ్మ. ఆమె సందేహం సబబే. మా చిన్నప్పుడు నడుముకు సొరబుర్రలు కట్టుకొని తోట బావిలోనే ఈత నేర్చుకున్నాం. బావిలో బిందె పడితే పాతాళగరిగె వేసేవాళ్లు. దానికీ చిక్కకపోతే మా చిన్నాయన ఊపిరి బిగబట్టి మునిగి తెచ్చేవాడు. సిలిండరూ లేదు, సర్టిఫికెట్టూ లేదు. కూలి ఒక బీడీ కట్ట.

ఇప్పుడు శిక్షణ లేనివాళ్లను పక్కన మనిషిని పెట్టి దింపేది మహా అయితే 12 మీటర్లు. అంటే 40 అడుగులు, మా పాత బావి లోతే. మొదటి కోర్సు పాసైతే 18 మీటర్లు. ఎంత ఆరితేరినా, సరదాకు మునిగేవాళ్లకు 40 మీటర్లు, అంటే 130 అడుగులు, హద్దు. ఇది విని నాకు నవ్వొచ్చింది. మా తోటలో 900 అడుగులకు బోరు దింపితే దుమ్ము లేచింది. నీళ్లను వెతుక్కుంటూ మేం పోయిన లోతుకు నీళ్లలో ఏ డైవరూ సరదాకు పోడు.

ఇక వాళ్ల నియమాలన్నిటికీ తలకాయలాంటిది: నీళ్లలో ఊపిరి బిగబట్టకూడదు. కింద ఒత్తిడిలో పీల్చిన గాలి, మనిషి పైకి వచ్చేకొద్దీ వ్యాకోచిస్తుంది. దానికి దారి ఇవ్వకపోతే ఊపిరితిత్తులు చిరుగుతాయి. మంచి నియమమే. కానీ జూన్‌లో విత్తనం భూమిలో వేసి, సెప్టెంబరు దాకా ఊపిరి బిగబట్టుకొని ఆకాశం చూసే జాతికి దాన్ని ఒక పూటలో నేర్పడమంటే ఆ శిక్షకుడి మీదే నాకు జాలేసింది.

ముందు మన రాష్ట్రం వైపే చూశాను. ధర్మవరంలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే విశాఖలో దిగొచ్చు, రుషికొండ దగ్గర స్కూబా ఉంది. అయితే వానాకాలంలో నదుల బురదకు సముద్రం కలకబారుతుంది. అక్టోబరు మొదలు డిసెంబరు దాకా బంగాళాఖాతం ఎప్పుడు ఏ తుపానును కంటుందో చెప్పలేం. 2014 అక్టోబరు 12న విశాఖ మీదికి వచ్చిన హుద్‌హుద్‌ను టీవీలో చూసిన మా ఆవిడ ఆ నెలలో ఆ ఊరి పేరే ఎత్తనివ్వదు. కర్ణాటకలో మురుడేశ్వర్ దగ్గర నేత్రాణి దీవి ఉంది, లక్షద్వీప్ ఉంది. నైరుతి నెలల్లో అక్కడా అలలదే రాజ్యం, మునక బందు.

అండమాన్ సీజన్ నవంబరులో మొదలై మే సగానికి ముగుస్తుంది. ముగింపు ఎవరు చెప్తారంటే, పేపర్లే. "అండమాన్‌ను తాకిన నైరుతి" అని ఏటా ఒక వార్త వస్తుంది చూడండి, అదే. మామూలుగా మే 22 ప్రాంతంలో రావాల్సింది, 2025లో మే 13కే వచ్చేసింది. ఆ పొద్దు అక్కడ పడవలవాళ్లు మొహాలు వేలాడేసుకుంటారు. ఇక్కడ మా అంగడి ముందు బెంచీ మీద పండగ. అంతవరకూ పలకరించనివాళ్లు కూడా కె-6 చెనిక్కాయ విత్తనం రేటు అడుగుతారు. వానను తిట్టుకునే జనం ఈ దేశంలోనే ఉన్నారని, వాళ్ల జట్టులో చేరడానికి నేను డబ్బు కట్టించుకుంటున్నానని తెలిస్తే బెంచీ నన్ను వెలివేస్తుంది.

సరే, క్యాలెండరు ముందేసుకున్నాం. అక్టోబరు, నవంబరుల్లో చెనిక్కాయ పీకడం. డిసెంబరులో కాయ వలిచి అమ్ముకోవడం, అప్పులవాళ్లకు మొహం చాటేయడం. జనవరిలో సంక్రాంతి. అసలు అక్కడ సముద్రం అద్దంలా ఉండేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకానట. ఫిబ్రవరి నిండా పెండ్లిండ్లు, మార్చిలో కదిరి తేరు. "తేరు వదిలిపెట్టి యాడనో మునిగితే నరసింహస్వామి ఊరుకుంటాడా?" అంది మా ఆవిడ. స్వామి సంగతేమో గానీ, ఆమె ఊరుకోదని అర్థమైంది. పోనీ ఏప్రిల్ చివరా, మే మొదలా అంటే నీళ్లు వేడెక్కుతాయి. 2010లో, 2016లో అలా కాగిపోయే అండమాన్ పగడాలు తెల్లబడ్డాయి. పగడపు జీవి ఒంట్లో ఉండి రంగునూ తిండినీ ఇచ్చే నాచును ఆ వేడికి అదే బయటికి తోసేస్తుందట. కరువొచ్చినప్పుడు జీతగాణ్ణి మాన్పించడం సముద్రంలోనూ ఉందన్నమాట.

మిగిలింది చైత్రం మొదటి పక్షం. నెల దొరికింది కదా అని అయ్యవారి దగ్గరికి పోతే అసలు చిక్కు అక్కడ పడింది. పున్నమికీ అమావాస్యకూ పోటు ఎక్కువ. ప్రవాహం జోరుగా ఉంటుంది, నీళ్లు కలకబారతాయి. సముద్రం నెమ్మదించేది చంద్రుడు సగమైనప్పుడు, అంటే అష్టమి, నవముల్లో. పంచాంగం ప్రకారం ప్రయాణానికి పనికిరానివి సరిగ్గా ఆ రెండే! అయ్యవారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సముద్రానికి శాస్త్రం తెలీదు స్వామీ" అన్నాడు.

పరిష్కారం మా అమ్మ చెప్పింది. చైత్ర శుద్ధ నవమి అంటే శ్రీరామనవమి. అది చెడ్డదని అనే ధైర్యం ఏ పంచాంగానికి ఉంది? పైగా సప్తమి నాడే విమానం ఎక్కితే, నవమి నాడు చేసేది ప్రయాణం కాదు, మునక. మునిగినాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. ఎక్కితే ఒంట్లో కరిగిన నత్రజని బుడగలై కీళ్లు పట్టేస్తుంది. నవమి పొద్దున మునిగితే తిరుగు ప్రయాణం దశమి మధ్యాహ్నానికి పడుతుంది. దశమికి అయ్యవారు మారుమాట లేకుండా తలూపాడు. పానకం, వడపప్పు డబ్బాలో పెట్టుకొని పోతే చాలన్నాడు.

టికెట్లు కొన్న సంగతి బెంచీకి చెప్పక తప్పలేదు. వెలివేత ఖాయమనుకున్నాను. అందరికంటే పెద్దాయన మాత్రం తలపాగా సర్దుకొని, నా తెలివితక్కువకు నొచ్చుకున్నట్టు చూశాడు.

"రామనవమికి పోతే ఏం లాభమప్పా? అంత దూరం పోతాండావు, ఇంగో నెలన్నర ఆగి పోయింటే, వచ్చేటప్పుడు వానను గూడా నీ ఎంబడి పిల్చుకోని వచ్చింటావు గదా!"