వీపు మీద ఏడు కప్పులు

గల్లీ చివర క్లినిక్కు బోర్డు మీద ఒక వీపు ఉంటుంది. నున్నటి, తెల్లటి, జన్మలో సిమెంటు బస్తా ఎరగని వీపు. దాని మీద ఏడు గాజు కప్పులు, పక్కన ఒక ఆర్కిడ్ పువ్వు, రెండు నల్ల గులకరాళ్లు. కింద ‘కప్పింగ్ ప్లస్ ఫిజియో: దీర్ఘకాలిక నొప్పుల నుంచి శాశ్వత విముక్తి’ అని రంగుల అక్షరాలు. ముంబయి కామాటిపుర పధ్నాలుగు గల్లీలూ జల్లెడ పట్టినా అలాంటి వీపు ఒక్కటి దొరకదు. అయినా బోర్డు మనకోసమే. ఆ వీపుకు నొప్పి లేదు, నొప్పి ఉన్న వీపుకు ఫోటో లేదు.

ఇక్కడి వీపుల పుట్టుక వేరు. 1784లో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పూర్తయి, సముద్రం చొరబడే పల్లాలు ఆరడం మొదలయ్యాక నిజాం రాజ్యం నుంచి కామాటీలు వచ్చారు. బొంబాయికి రాళ్లు మోశారు, సున్నం కలిపారు, రోడ్లకు దిమ్మిస కొట్టారు. వాళ్లు కాపురం పెట్టిన చోటుకే కామాటిపుర అని పేరు. ఆ పేరు వినగానే దేశానికి గుర్తొచ్చేది మాత్రం వేరే వ్యాపారం. సినిమావాళ్లకైతే ఇంకేమీ కనబడదు. సరే, అది వాళ్ల కళ్ల జబ్బు, దానికి ఏ కప్పూ లేదు. కామాటీల వెనకే పద్మశాలీలు వచ్చి వర్లీలో, పరేల్లో మిల్లు మగ్గాల ముందు షిఫ్టుల మీద షిఫ్టులు నిలబడ్డారు. 1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ పిలిస్తే రెండున్నర లక్షల మంది దాకా పని ఆపారు. తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి గానీ నడుములకు రిటైర్మెంట్ రాలేదు. మగ్గం పోయినవాడు వాచ్‌మన్ కుర్చీలో వంగాడు, భివండీ పవర్‌లూమ్ దగ్గర వంగాడు, పొద్దున్నే కూలీల నాకా మీద నిలబడి బిగారీ కూలిపనికి వంగాడు. ఆడవాళ్లకు సమ్మె కూడా లేదు. నల్లా వచ్చే వేళకు లేవాలి, బిందె నింపాలి, మెట్లెక్కాలి.

ఇంత చరిత్ర మోసిన నడుమును ఇప్పుడు క్లినిక్కువాడు బోర్లా పడుకోబెట్టి, చేతిపంపుతో కప్పులో గాలి లాగి, పది నిమిషాలు అలా వదిలేసి ఫోన్ చూసుకుంటాడు. కప్పు తీస్తే వంకాయ రంగులో గుండ్రటి మచ్చ. ‘చూశారా ఎంత నల్లగా వచ్చిందో! లోపల అంత విషం ఉందన్నమాట’ అంటాడు. మచ్చ నల్లబడేది విషం వల్ల కాదు, లాగిన జోరుకు చర్మం కింద సన్నటి రక్తనాళాలు చిట్లి. పంపు ఇంకో రెండుసార్లు నొక్కితే ఇంకాస్త నల్లబడుతుంది. అంటే విషం ఎంతుందో తేల్చేది పంపు పట్టినవాడి మణికట్టు. ఒంట్లో చెత్తను బయటికి పంపడానికి కాలేయం, మూత్రపిండాలు పుట్టినప్పటి నుంచి జీతం లేకుండా పనిచేస్తున్నాయి. వాటికి బోర్డు లేదు కాబట్టి లెక్కలోకి రావు.

కప్పు పెట్టడం కొత్తా కాదు, చైనావాడి సొంతమూ కాదు. వాతానికి కొమ్ము, పిత్తానికి జలగ, కఫానికి సొరకాయ బుర్ర పెట్టి చెడు రక్తం తీయమని సుశ్రుతుడే చెప్పాడు. కొమ్ముతో నెత్తురు లాగేవాళ్లు మన ఊళ్లల్లో సంతల్లో తిరిగేవాళ్లు. చదువుకున్నవాళ్లు వాళ్లను మోటువాళ్లన్నారు. 2004లో గ్వినెత్ పాల్ట్రో అనే హాలీవుడ్ తార వీపు మీద, 2016 రియో ఒలింపిక్స్‌లో ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ భుజం మీద అవే మచ్చలు కనబడగానే మోటు కాస్తా సైన్సయింది. మనకు ఎంగిలి అయితేనే రుచి.

కామాటిపుర పక్కనే నాగ్‌పాడా. అక్కడ యునానీ హకీములు గాటు పెట్టి కప్పులతో నెత్తురు లాగే హిజామా చేస్తారు. విశ్వాసంతో, తిథి చూసుకుని, తరతరాలుగా చేయించుకునేవాళ్లతో నాకు పేచీ లేదు. వాళ్లు దాన్ని దాచి అమ్మడం లేదు. నా గొడవంతా అదే హిజామా పేరు చెరిపేసి, పక్కన ఆర్కిడ్ పువ్వు అతికించి, ఫిజియోథెరపీకి జత కలిపి, కప్పుకింత అని రేటు కట్టేవాడితో.

ఆ జతలోనే ఉంది కిటుకంతా. ముందు కప్పులు పెడతారు. ఆ తర్వాత నాలుగు వ్యాయామాలు రాసిన కాగితం చేతిలో పెడతారు. నెల తర్వాత నొప్పి తగ్గిందా, కప్పుల మహిమ. తగ్గలేదా, ‘మీరు వ్యాయామం చేయలేదమ్మా’. గెలిస్తే కప్పు, ఓడితే పేషంటు. ఇన్ని పేకాట క్లబ్బులున్న ఈ ముంబయిలో ఇంత పకడ్బందీ ఆట ఇంకోటి చూడలేదు. పైగా నడుం నొప్పి సంగతి తెలిసిందే, ఎక్కువసార్లు కొన్ని వారాల్లో దానంతటదే నెమ్మదిస్తుంది, మళ్లీ తిరగబెడుతుంది. తగ్గే వారంలో కప్పు పెట్టినవాడు ధన్వంతరి. తిరగబెట్టే వారంలో ఇంకో ప్యాకేజీ.

పరీక్షించి చూసినవాళ్లు లేకపోలేదు. 2016లో జర్మనీ పరిశోధకులు ఒళ్లంతా నొప్పులతో బాధపడే ఫైబ్రోమయాల్జియా రోగులను 141 మందిని తీసుకున్నారు. కొందరికి అసలు కప్పులు, కొందరికి చిన్న చిల్లు ఉండి గాలి నిలవని ఉత్తుత్తి కప్పులు పెట్టారు. ఏ కప్పూ లేనివాళ్ల కంటే అసలు కప్పువాళ్లకు కొంచెం నయమనిపించింది. కానీ చిల్లు కప్పు మీద అసలు కప్పు గెలవలేదు. 2021లో బ్రెజిల్‌లో ఎడతెగని నడుం నొప్పి ఉన్న 90 మంది మీద ఇలాగే చూశారు, అక్కడా తేడా తేలలేదు. కొద్దికాలం ఉపశమనం దొరుకుతుందని చెప్పే పరిశోధనలూ ఉన్నాయి, వాటి నాణ్యత అంతంత మాత్రం. అందాకా ఒప్పుకుందాం. ఎవరో ఒకరు అరగంట మన వీపు మీద చెయ్యి వేసి ‘ఎక్కడమ్మా నొప్పి’ అని అడిగితే ఎవరికైనా హాయిగానే ఉంటుంది. ఆ హాయికి రేటు కట్టాలంటే చిల్లు కప్పుకూ అంతే కట్టాలి.

ఇక జతలో రెండోది ఫిజియోథెరపీ. దీన్ని తిట్టడానికి నాకు మనసొప్పదు. 1950ల మొదట్లో బొంబాయిలో పోలియో ప్రబలినప్పుడు, ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో ఈ దేశంలో తొలి ఫిజియోథెరపీ పాఠశాల పెట్టింది ఎక్కడో కాదు, పరేల్లో కె.ఇ.ఎం. ఆసుపత్రిలో. చుట్టూ మిల్లులు, మిల్లుల్లో మనవాళ్లు. అంటే నడుము విరగ్గొట్టే ఫ్యాక్టరీ, నడుము సరిచేసే చదువు ఒకే పేటలో పుట్టి పెరిగాయి. ఇవాళ్టికీ కె.ఇ.ఎం.లో, ముంబయి సెంట్రల్ నాయర్ ఆసుపత్రిలో ఆ విభాగాలున్నాయి. అక్కడ కేసు పేపర్ తీయడానికి లైను, డాక్టరు గది దగ్గర లైను, కసరత్తు గది దగ్గర లైను. మూడు లైన్లంటే ఒక రోజు కూలి పోయినట్టే. వారానికి మూడుసార్లు రమ్మంటే వారానికి మూడు కూలీలు. గల్లీ చివర క్లినిక్కు తొమ్మిదింటి దాకా తెరిచి ఉంటుంది. మనవాడు అటు పోయేది వెర్రితనంతో కాదు, లెక్క తెలిసే. ఆ లెక్క మున్సిపాలిటీకి తెలియదు, క్లినిక్కువాడికి బాగా తెలుసు.

క్లినిక్కులో ఫిజియో అంటే మూడొంతులు కరెంటు. పడుకోబెట్టి, తడి గుడ్డ వేసి, రెండు రబ్బరు బిళ్లలు అంటించి ‘చీమలు పాకినట్టుందా?’ అంటారు. ఉందంటే మంచిది. తర్వాత జెల్లీ పూసి అల్ట్రాసౌండ్ రుద్దుతారు. పోతూ పోతూ ఒక నడుం బెల్టు కొనిపిస్తారు. 2023 డిసెంబర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుం నొప్పికి మార్గదర్శకాలు ఇస్తూ క్రమబద్ధమైన వ్యాయామం చేయించమంది, రోగికి తన నొప్పి గురించి తెలియజెప్పమంది. మామూలుగా వాడొద్దన్న వాటిలో టెన్స్ అనే కరెంటు బిళ్లలు, అల్ట్రాసౌండ్, బరువు కట్టి లాగే ట్రాక్షన్, నడుం బెల్టు ఉన్నాయి. అంటే వద్దన్నవన్నీ బిల్లులో ఉన్నాయి, చేయమన్నది జిరాక్స్ కాగితం మీద ఉంది. కాగితం ఉచితం, అందుకే దానికి విలువ లేదు.

ఈ మధ్యలో పైవాళ్లకు ఇంకో పెద్ద సమస్య వచ్చిపడింది. ఫిజియోథెరపిస్టు పేరు ముందు ‘డాక్టర్’ పెట్టుకోవచ్చా లేదా? 2025 సెప్టెంబర్లో ఢిల్లీలోని ఆరోగ్య సేవల డైరెక్టరేట్ పెట్టుకోవద్దని ఉత్తరం రాసింది, గోల లేవగానే దాన్ని వెనక్కి తీసుకుంది. దేశం నడుము సంగతి అలా ఉంచి, బోర్డు మీద రెండక్షరాల కోసం డాక్టర్ల సంఘాలు, ఫిజియోథెరపిస్టుల సంఘాలు కొట్టుకున్నాయి. కప్పులవాడు మాత్రం తన బోర్డు మీద ముందే రాసేసుకున్నాడు. వాడిని అడిగినవాడు లేడు.

నవ్వులాట కానిది ఒకటుంది. ముంబయిలో నడుం నొప్పి అన్నిసార్లూ బరువు మోసిన నొప్పి కాదు. వెన్నెముకకు టీబీ పట్టినా నడుం నొప్పే. రాత్రిపూట ఎక్కువవుతుంది, సాయంత్రం సన్నగా జ్వరం వస్తుంది, మనిషి చిక్కిపోతాడు. గాలి ఆడని ఖోలీలు, పక్కపక్కనే పడకలు ఉన్న చోట టీబీ ఎలా తిరుగుతుందో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అలాంటి వెన్ను మీద కప్పులు పెట్టుకుంటూ, సిట్టింగులు లెక్కపెట్టుకుంటూ నెలలు గడిపితే చివరికి కాళ్లు పడిపోవచ్చు. ఇక చర్మం మీద గాట్లు పెట్టి నెత్తురు తీసే రకమైతే, ఆ బ్లేడు కొత్తదా, ఆ కప్పు ముందు ఎవరి వీపు మీదిది అని అడగాలి. షుగరు ఉన్నవాడు, రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాడు ఇంకా గట్టిగా అడగాలి. జార్జ్ ఆర్వెల్ 1929లో పారిస్‌లో న్యుమోనియాతో ఒక ధర్మాసుపత్రిలో పడ్డాడు. ఎదుటి మంచం మీది రోగికి కప్పులు పెట్టి, అవే కప్పులు కడగకుండా తెచ్చి ఒక్క మాటైనా చెప్పకుండా తనకు పెట్టారని తర్వాత రాశాడు. ఆ వ్యాసం పేరే ‘బీదవాళ్లు ఎలా చస్తారు’. అక్కడ కనీసం డబ్బులు అడగలేదు.

కామాటిపురలో ఇలాంటి బేరాన్ని ఎదిరించినవాళ్లు ఒకప్పుడు ఉన్నారు. జోతీరావు ఫూలే సత్యశోధక్ సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవాళ్లలో మన తెలుగు కాంట్రాక్టర్లు ఉన్నారు. జయా కరాడీ లింగూ, వ్యంకూ కాలేవార్ అలాంటివాళ్లు. భయపడ్డ బీదవాడికి గ్రహశాంతి అమ్మే పురోహితుడి మీద ఫూలే 1855లోనే ‘తృతీయ రత్న’ నాటకం రాశాడు. ఇప్పుడు గ్రహాల చోట టాక్సిన్లు వచ్చాయి, దక్షిణ చోట ప్యాకేజీ వచ్చింది. సమాజాల హాళ్లలో మనవాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారంటే, ‘ఉచిత కప్పింగ్ శిబిరం’ పెట్టి కార్పొరేటరుకు శాలువా కప్పుతున్నారు.

ఇక ఆ జిరాక్స్ కాగితం. రెండో అంతస్తులో ఉండే ఒక అక్క దాన్ని దేవుడి పటం వెనక దాచుకుంది. అందులో బొమ్మలున్నాయి: వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, నడుము పైకెత్తాలి. పది లెక్కపెట్టాలి. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి. అసలు మందు ఇదే, ఇందులో మోసం లేదు. ఆమె కాగితం తిప్పి తిప్పి చూసి అడిగింది: ‘అంత మంచిగనే ఉన్నది గని బిడ్డా, ఏడ పండుకోవాలె?’

పదడుగుల ఖోలీ. పొద్దున మొగుడు నైట్ డ్యూటీ నుంచి వచ్చి పడుకుంటాడు. రాత్రి పిల్లలు, అత్త, ఊరి నుంచి వచ్చిన మరిది. మిగిలిన జాగాలో గ్యాసు బండ, నీళ్ల డ్రమ్ము, కుట్టు మిషను. మిషను మీద ఆమె రోజంతా వంగి ఉంటుంది కాబట్టే నడుం నొప్పి, మిషను తీస్తేనే నడుము ఎత్తే చోటు. గ్యాలరీలో చేద్దామంటే అక్కడ పక్క ఖోలీ వాళ్ల అబ్బాయి పడక. వర్లీ బి.డి.డి. చాళ్లలో నూటఅరవై చదరపు అడుగుల గదుల్లో తరాలు గడిపిన వాళ్లలో 556 కుటుంబాలకు 2025 ఆగస్టులో తొలి విడతగా ఐదువందల చదరపు అడుగుల ఇళ్ల తాళాలు ఇచ్చారు. కామాటిపురకూ అంతే ఇస్తామని ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ మ్హాడా చెబుతోంది. పగ్డీ అద్దె కాగితాలు తేలాలి, యజమాని సేఠ్ ఒప్పుకోవాలి, బిల్డింగు లేవాలి. అప్పటిదాకా ఆమె నడుము ఎత్తకుండా ఆగాలి.

కాబట్టి కప్పింగ్ నిపుణులకు ఒక మనవి. మీ కప్పులకు లోపలి విషాన్ని, పాతికేళ్ల నొప్పిని, కర్మను, అన్నిటినీ బయటికి లాగే బలం ఉందని మీరే అంటున్నారు. ఆమె వీపును వదిలేసి, ఆ ఏడింటినీ ఖోలీ వెనక గోడకు అవతలి వైపు నుంచి పెట్టి గట్టిగా పంపు కొట్టండి. గోడ రెండడుగులు అటు జరిగితే చాలు, ఆమె వెల్లకిలా పడుకుంటుంది. ప్యాకేజీ డబ్బులు చందా వేసుకుని మేమే ఇస్తాం.