పేజీ తిప్పే చోటు

మా రోజుల్లో పాట కావాలంటే నడిచి వెళ్లి కాగితం కొనుక్కునేవాళ్లం. న్యూయార్క్‌లో కార్నెగీ హాల్ వెనక వీధిలో పేటల్సన్ దుకాణం ఉండేది. అరల ముందు నిలబడి, నాలుగు పేజీలు మనసులో పాడుకుని మరీ తీసుకునేవాళ్లం. 2009లో అదీ మూతపడింది.

స్వరకర్త శామ్యూల్ బార్బర్ ‘హెర్మిట్ సాంగ్స్’ నేను అక్కడ కొన్నవే. 8 నుంచి 13వ శతాబ్దం దాకా ఐర్లండ్ సన్యాసులు రాసుకున్న పద్యాలకి కట్టిన పాటలు. చాలావాటికి కవి ఎవరో తెలియదు. అయినా పాట పేరు దగ్గర అది ఏ శతాబ్దానిదో, ఇంగ్లీషు చేసిందెవరో అచ్చువేశారు. 1953లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో లియోంటిన్ ప్రైస్ వాటిని మొదటిసారి పాడితే, పియానో వాయించింది బార్బరే.

మొన్న సంగీతం చదువుతున్న ఓ తెలుగమ్మాయి, “తాతగారూ, శనివారం నాతో ఇది వాయిస్తారా?” అంటూ ఒక ఫైలు పంపింది. పాట చక్కగా ఉంది. కవి పేరు మాత్రం ఎక్కడా లేదు. అడిగితే, బతికున్న కవయిత్రేనట! ప్రింటు తీసి వాయించబోతే, రెండు చేతులకీ క్షణం తీరిక లేని చోట పేజీ అయిపోయింది.

పూర్వం పాట అచ్చు వెయ్యాలంటే లోహపు రేకు మీద కుడిఎడమలు తారుమారుగా, ఒక్కో స్వరాన్నీ సుత్తితో కొట్టి దించేవాళ్లు. తప్పు పడితే రేకుని వెనకనుంచి కొట్టి చదును చేసి మళ్లీ చెక్కాలి. అందుకే ముందే లెక్క వేసుకునేవాళ్లు. పియానోకి విరామం ఎక్కడుందో చూసి, పేజీని అక్కడికి ముగించేవాళ్లు. వాయించేవాడి చెయ్యి వాళ్ల కళ్లలో మెదిలేది.

1922లో స్వరకర్త చార్లెస్ ఐవ్స్ తన 114 పాటల్ని సొంతంగానే వేసుకున్నాడు కదా అంటారు. నిజమే. డబ్బు తీసుకోకుండా పంచాడు కూడా. ఆయనకి ఇన్సూరెన్సు వ్యాపారం ఉంది, చెక్కడానికి పనివాళ్లున్నారు. ఇప్పుడు సొంతంగా పాటలు వేసుకునే ఈ కుర్ర స్వరకర్తలకి ఏముంది? స్వరం కట్టేదీ, అచ్చుకి కూర్చేదీ, తప్పులు దిద్దేదీ, అమ్ముకునేదీ వాళ్లే. నా కోపం వాళ్ల మీద కాదు. పక్కన కూర్చుని ‘ఇక్కడ పేజీ తిప్పలేం నాయనా’ అని చెప్పే పెద్దదిక్కు లేకుండా వాళ్లని వదిలేశారే, అదీ నా బాధ.

రాత్రి కత్తెర, జిగురు పెట్టుకుని కూర్చున్నాను. మూడో పేజీలో రెండు వరసలు కోసి రెండో పేజీ అడుగున అంటించాను, విరామం అక్కడికి వచ్చేలా. పైన కవయిత్రి పేరు పెన్సిల్‌తో రాశాను.