శోభనం: యు/ఎ, పెద్దల పర్యవేక్షణలో

ఓటీటీలు వయసు చీటీలు సరిగ్గా అంటించాలని, 'ఎ' సరుకు పిల్లల చేతికి అందకుండా చూడాలని కేంద్ర సమాచార ప్రసార శాఖ 2025లో మళ్లీ హితవు చెప్పింది. చీటీలు కొత్తేం కావు. యు, యు/ఎ 7+, 13+, 16+, ఎ అని 2021 ఐటీ రూల్స్‌లోనే రాసిపెట్టారు. సిరీస్ మొదలవగానే తెర మీద ఓ మూల మెరిసి మాయమయ్యేవి అవే. ముంబైలో నలుగురు స్నేహితురాళ్లు, వాళ్లు చేరే ఒక బారు, వాళ్ల ప్రేమలు, పొరపాట్లు: ఇదీ 'ఫోర్ మోర్ షాట్స్ ప్లీజ్' సిరీస్. దానికి 18+, అంటే 'ఎ' చీటీ ఉంది. ఉండాల్సిందే, మందు, ముద్దు, బూతు మూడూ ఉన్నాయి. నా బాధల్లా ఇంత మంచి చీటీని ఓటీటీలకే వదిలేయడం. రొమాంటిక్ కామెడీ మన దగ్గర తెర మీదకన్నా పెళ్లింట్లోనే ఎక్కువ ఆడుతుంది కదా!

కాబట్టి పెళ్లిచూపుల నుంచే మొదలుపెడదాం. గుమ్మానికి ఎడమ మూల ఒక చీటీ: 'యు/ఎ 13+, బేరసారాలు, వివక్ష'. లోపల పిల్లను నడిపిస్తారు, పాడిస్తారు, రంగు 'కాస్త చామనఛాయ' అని ఎవరో ఒకరు తేలుస్తారు. వివక్ష అన్న మాట నేను కలిపింది కాదు. కులం, లింగం, వైకల్యం లాంటివాటిని ఎలా చూపారో గమనించి వర్గీకరించాలని రూల్స్ షెడ్యూల్లోనే ఉంది. పాటల్లో మాటలు, అభినయం శ్రుతి మించితే పై తరగతిలో వేయాలనీ ఉంది. అలాగైతే వియ్యపురాళ్ల పాటలకు 16+ తప్పదు. అవతలి వియ్యపురాలి శీలం మీద ముత్తైదువలు కట్టే చరణాలు రాసే ధైర్యం ఏ ఓటీటీ రచయితకూ లేదు. ముందు వరసలో నోరు తెరుచుకుని వినేది మాత్రం ఏడేళ్ల లోపు పిల్లలే. అలకపాన్పు మరీ ప్రమాదం. మొహం మాడ్చుకుని కూర్చుంటే కారు తాళం చేతికొస్తుందని చూసిన ప్రతి కుర్రాడూ నేర్చుకుంటాడు. ఇక శోభనం. ఇద్దరు పెద్దవాళ్లు తమంతట తాము ఓ గదిలోకి వెళ్తే 'ఎ'. అదే పంతులుగారు పంచాంగం చూసి ముహూర్తం పెట్టి, బాబాయి పందిరిమంచం అద్దెకు తెచ్చి, మేనత్త మల్లెలు చుట్టి, పాలు గోరువెచ్చగా ఉన్నాయో లేదో అమ్మమ్మ గ్లాసు పట్టుకు చూస్తే? నిస్సందేహంగా యు/ఎ. పెద్దల పర్యవేక్షణ ఇంతకన్నా ఎక్కడ దొరుకుతుంది?

పెళ్లి సంప్రదాయం, సిరీస్ వ్యాపారం, రెండింటికీ పోలికేమిటంటారా? సరే, వ్యాపారాన్నే చూద్దాం. ఫోన్ పిల్లల చేతుల్లోనే ఉంటోంది, చీటీ వద్దా అంటారు. కావాలి. 13+ నుంచి తాళం, 'ఎ'కి వయసు రుజువు అడగడం సబబే. పేచీ చీటీతో కాదు, అది లెక్కలోకి తీసుకోని వాటితో. ప్రేమకథలో కుర్రాడు బస్టాండు నుంచి కాలేజీ దాకా వెంటపడతాడు. వద్దన్నా నంబరు సంపాదిస్తాడు. స్నేహితులు జోకులేస్తారు, వెనక హుషారైన పాట వస్తుంది, నాలుగో ఎపిసోడ్‌కి ఆమె నవ్వేస్తుంది. మనం కామెడీ అంటున్న ఈ పనిని చట్టం 2013 నుంచి నేరమంటోంది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్. మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు. నేరానికి పురిగొల్పేవీ, పిల్లలు చూసి చేసేవీ పై తరగతిలో వేయాలని ఆ ఐటీ రూల్సే చెబుతున్నాయి. మరి 'భాష, మద్యం, శృంగారం' పక్కన 'వెంటపడటం' అని రాసిన చీటీ మీకెప్పుడైనా కనబడిందా?

ఈ వెంటపడటం ఎక్కడిదాకా వెళ్తుందో చూశాం. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. వాళ్లలో ఒకమ్మాయి ప్రేమకు వద్దంది, అంతే. ఇద్దరిలో ఒకరు బతకలేదు. నిందితులు ముగ్గురూ ఎన్‌కౌంటర్‌లో పోతే జనం చప్పట్లు కొట్టారు. పిల్ల 'వద్దు' అన్నాక కూడా వదలని హీరో మీద హాల్లో కాగితాలు చల్లినవీ ఇవే చేతులు. ఇన్నేళ్లు గడిచాయి, మనం ఇంకా ముద్దుల నిడివి కొలుస్తున్నాం! ఇష్టపడి దగ్గరైన ఇద్దరు తెర మీద కనబడగానే రిమోట్ ఏ సోఫా సందులో పడిందో అని ఇంటిల్లిపాదీ దేవులాడతారు. అమ్మాయి బస్సు దిగి వెనక్కి చూసి అడుగులు వేగం చేసినప్పుడు మాత్రం నాన్నగారి చెయ్యి పకోడీల పళ్లెం మీదే ఉంటుంది.