మొసళ్ళు లేని మడుగు

కెన్యాలోని మసాయి మారా రిజర్వులో శాండ్ నది ఒడ్డున రిట్జ్ కార్ల్‌టన్ హోటలు వాళ్ళు గుడారాలు వేశారని విన్న దగ్గర్నుంచీ మనవాళ్ళలో కొందరికి కంటిమీద కునుకు లేదు. రాత్రికి మూడున్నర వేల డాలర్లట. మన లెక్కలో మూడు లక్షల పైచిలుకు. ఒకప్పుడు అడవిలో పడుకున్నవాణ్ణి చూస్తే జాలిపడేవాళ్ళం.

గుడారాలు 20. ప్రతి గుడారానికీ సొంత కొలను! నాకు మతిపోయింది ఇక్కడే. పక్కనే నది పెట్టుకుని కొలనెందుకయ్యా అంటే, నది చూడ్డానికి, కొలను దిగడానికి. చేతిలో గ్లాసు, మెడదాకా నీళ్ళు, ఎదురుగా గడ్డికోసం, నీటికోసం వందల మైళ్ళు నడిచొచ్చిన వైల్డ్‌బీస్ట్ మంద. వాటికి మారా నదిలో మొసళ్ళు. వీరికి మొసళ్ళు లేని మడుగు.

ఏనుగు రాకపోతే అతిథులు ఫిర్యాదు చేస్తారు. వచ్చి ఆ కొలనులో తొండం ముంచితే అప్పుడూ ఫిర్యాదే. దాహమేసిన ఏనుగు, అతిథుల ఏకాంతాన్ని గౌరవించి, అటు తిరిగి నిలబడాలి కాబోలు. మందలు వలస వెళ్ళే దారికి ఈ విడిది అడ్డం కాదని కెన్యా వైల్డ్‌లైఫ్ సర్వీస్ సెలవిచ్చింది. సంతోషం. ఇక మ్యాపు చూసుకుని నడవాల్సింది జంతువులే.

ఆపైన బట్లరొకడు. సింహం వచ్చిందండీ, లోపలికి పంపమంటారా అని అడగడానికి.

చిరుత చుట్టూ ఐదు జీపులు మించకూడదని అక్కడో నిబంధన ఉంది. లెక్కపెట్టే పని చిరుతకే వదిలేసినట్టున్నారు.

సరే, వెటకారం చాలు. ఆ రిజర్వులోకి మసాయి తెగ కాపరి ఆవులు మేతకు తోలితే జరిమానా వేస్తారు. ఆవు మేస్తే అడవి పాడవుతుంది, 20 కొలనులు పెడితే పాడవదా? సరిహద్దుకు అవతల, టాంజానియాలోని సెరెంగెటి నుంచి 1959లోనే మసాయిలను వెళ్ళగొట్టారు. 2022 జూన్‌లో అదే దేశంలోని లోలియోండోలో అభయారణ్యానికి హద్దురాళ్ళు పాతుతుంటే అడ్డుపడ్డ వాళ్ళ మీద పోలీసులు తుపాకులు పేల్చారు. అడవి పేరు చెప్పి మనుషుల్ని తరమడం, ఆ మనిషే ఎర్ర దుప్పటి కప్పుకుని విడిది గుమ్మంలో ఎగిరి గంతులేస్తే ఫొటో తీసుకోవడం. సిగ్గు లేకపోతే సరి!

మెయితామేయ్ ఓలోల్ డపాష్ అనే మసాయి ఉద్యమకారుడు ఆ విడిదిని ఆపమని నరోక్ కోర్టుకెక్కాడు. అయినా 2025 ఆగస్టులో తలుపులు తెరిచారు. ఇదంతా నేను ఆవేశంగా చెప్పుకొస్తే, ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి ఓపిగ్గా విని, పిల్లలకు సగం చార్జీయేనా అని అడిగాడు.