కుక్ దొరను తోమాను

ముప్ఫై రెండేళ్లు పిల్లలకు సోషల్ చెప్పినవాణ్ని. కెప్టెన్ కుక్ ఆస్ట్రేలియా గడ్డమీద కాలుపెట్టింది 1770 ఏప్రిల్ 29న అని నిద్రలో లేపి అడిగినా చెబుతాను. (అప్పటికే వేల ఏళ్లుగా అక్కడ మనుషులున్నారని ఏనాడూ చెప్పలేదు. ఆ తెలివితక్కువకి వేరే కాగితం కావాలి.) అలాంటి నేను, సిడ్నీలో మా అబ్బాయి ఇంట్లో, ఆ కుక్ మొహమే అరగదీశాను.

అబ్బాయికి పాత నాణేల పిచ్చి. వేలంలో కొన్న వెండి పతకం ఒకటి నా చేతిలో పెట్టాడు. 1779లో హవాయిలో కుక్ హతుడయ్యాక, లండన్ రాయల్ సొసైటీ తన సభ్యుడి జ్ఞాపకంగా బంగారం, వెండి, కంచుల్లో వేయించిన పతకాల్లో అదొకటి. చెక్కినవాడు లూయీస్ పింగో. ఒకవైపు కుక్ తల, చుట్టూ లాటిన్‌లో పొగడ్త. రెండోవైపు స్తంభానికి ఆనుకుని, భూగోళం మీద చుక్కాని ఆనించి నిలబడ్డ స్త్రీమూర్తి.

"ఎవరో అమ్మవారు పాపం, ఎంత నల్లబడిపోయిందో!" అంది మా ఆవిడ.

ఆ మాట పట్టుకున్నాను. శ్రావణ శుక్రవారం. సింకు దగ్గర వెండి కుందులు, కుంకుమభరిణ తోముతున్నారు. అబ్బాయి ఆఫీసుకెళ్లాడు. పతకాన్నీ అందులో కలిపేసి, కాస్త పళ్లపొడి వేసి, పాత బ్రష్షుతో జుట్టు సందుల్లో, అక్షరాల మధ్య, బాగా పట్టి రుద్దాను. కడిగి తుడిస్తే తళతళ! గర్వంగా మళ్లీ పెట్టెలో పెట్టాను.

సాయంత్రం వాడు దాన్ని దీపం కింద అటూ ఇటూ వంచి చూశాడు.

"నాన్నా, తోమారా?"

"కొత్తదానిలా లేదూ!"

భూతద్దం నా చేతికిచ్చాడు. కుక్ చెంప నిండా సన్నని గీతలు. జుట్టు పాయలు నున్నగా అయిపోయాయి. ఆ నలుపు మురికి కాదట. గాలిలోని గంధకం వెండితో కలిసి, రెండు వందల ఏళ్లు పైబడి పట్టిన పొర. దీన్ని ఎవరూ రుద్దలేదనడానికి అదే సాక్ష్యం. సేకరించేవాళ్లు డబ్బిచ్చేది దానికేనట. ఇప్పుడు అమ్మితే కొన్న ధరలో సగం కూడా రాదు.

వాడు ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది. తన నోటుపుస్తకం తీసి, పతకం పేరు పక్కన "తోమినది" అని రాసుకున్నాడు. ఎవరు తోమారో రాయలేదు.